నిఫ్టీ నుంచి మిర్చి యార్డు దాకా: ధరల చార్టును ఏఐ నిజంగా చదవగలదా?

"మా ఏఐ చార్టు చూసి రేపటి ధర చెప్పేస్తుంది, యాక్యురసీ 99 శాతం!" ఇలాంటి రీల్ ఒక్కటైనా కనిపించకుండా ఈ మధ్య వారం గడవడం లేదు. కింద ఒక యాప్ లింక్, పక్కన ఆకుపచ్చ క్యాండిల్స్, బ్యాక్‌గ్రౌండ్‌లో అదిరిపోయే మ్యూజిక్. ఫోన్ల గురించి, ఏఐ గురించి నాలుగు విషయాలు తెలిసినవాళ్లకే ఇవి ఎక్కువగా వస్తాయి. ఎందుకంటే మెషిన్ లెర్నింగ్ అనే మాట వినగానే నమ్మేది మనమే.

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని నందిగామ, జగ్గయ్యపేట వైపు, ఈ విషయం ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఇక్కడ పత్తి, మిర్చి డబ్బు నెలనెలా రాదు. సీజన్‌లో ఒకటి రెండు విడతల్లో వచ్చి అకౌంట్‌లో పడుతుంది. ఆ అకౌంట్‌కి లింకైన ఫోన్ చాలా ఇళ్లలో ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిలోనే ఉంటుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో రెండు ప్రశ్నలు చూద్దాం. ధరల్లో ప్యాటర్న్‌లను మెషిన్ లెర్నింగ్ నిజంగా పట్టుకోగలదా? ఒక యాప్ పట్టుకున్నానని చెబితే అది నిజమో కాదో మనమే ఎలా టెస్ట్ చేయాలి?

ముందు స్కోర్‌బోర్డు చూద్దాం

సెబీ 2024 సెప్టెంబర్‌లో ఒక స్టడీ విడుదల చేసింది. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే ఎఫ్‌అండ్‌ఓలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల లెక్కలు అందులో ఉన్నాయి. వాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి ఒక్కొక్కరి సగటు నష్టం దాదాపు 2 లక్షల రూపాయలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకు పైనే.

2 లక్షలంటే మన లెక్కలో ఎంత? 2025-26 సీజన్‌కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధరకు 2 లక్షలు రావాలంటే దాదాపు 25 క్వింటాళ్లు అమ్మాలి. ఎకరానికి 8 క్వింటాళ్లు వచ్చిందనుకుంటే అది మూడెకరాల పంట. విత్తనం, మందులు, కూలి ఏవీ తీసేయకుండానే.

ఆ డబ్బు ఎటు వెళ్లింది? అదే స్టడీ ప్రకారం 2023-24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు సుమారు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్లు సుమారు 28,000 కోట్లు గ్రాస్ లాభం చూశారు. సంస్థల లాభంలో 96 శాతం, విదేశీ ఇన్వెస్టర్ల లాభంలో 97 శాతం అల్గో ట్రేడింగ్ చేసేవాళ్లదే.

అంటే కంప్యూటర్‌తో మార్కెట్లో సంపాదించేవాళ్లు ఉన్నారు, అది అబద్ధం కాదు. కానీ వాళ్ల దగ్గర ఎక్స్ఛేంజ్ పక్కనే పెట్టిన సర్వర్లు, ప్రతి ఆర్డర్ డేటా, దానిమీదే పనిచేసే టీమ్‌లు ఉంటాయి. మన ఫోన్‌లోని 499 రూపాయల సబ్‌స్క్రిప్షన్ యాప్ అదే పని చేస్తుందా అన్నదే అసలు డౌట్.

చార్టులో మెషిన్ ఏం చూస్తుంది?

ఫోన్ కెమెరా పిల్లిని గుర్తుపట్టేది ఎలాగో మీకు తెలుసు. లక్షల ఫొటోలు చూపించి, ఇది పిల్లి, ఇది కాదు అని నేర్పిస్తారు. ధరల విషయంలోనూ పద్ధతి అదే. గత 30 రోజుల ధర, వాల్యూమ్, మూవింగ్ యావరేజ్ లాంటివి ఇన్‌పుట్. మర్నాడు పెరిగిందా తగ్గిందా అన్నది ఆన్సర్. ఇలాంటి వేల ఉదాహరణలు ఇస్తే మోడల్ వాటి మధ్య సంబంధం వెతుకుతుంది. దీనికి ఎక్కువగా వాడేవి ఎక్స్‌జీబూస్ట్ లాంటి డెసిషన్ ట్రీ మోడల్స్, ఎల్‌ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్. ఈ ఎల్‌ఎస్‌టీఎం నిన్న మొన్నటిది కాదు, 1997లోనే పేపర్ వచ్చింది.

అయితే పిల్లి ఫొటోకీ, నిఫ్టీ చార్టుకీ రెండు పెద్ద తేడాలున్నాయి.

మొదటిది, ఫొటోలో పిల్లి స్పష్టంగా ఉంటుంది. రోజువారీ ధరలో సిగ్నల్ చాలా తక్కువ, నాయిస్ చాలా ఎక్కువ. రెండోది, మీ మోడల్ గుర్తుపట్టిందని పిల్లి తన రూపం మార్చుకోదు. మార్కెట్ మార్చుకుంటుంది. సోమవారం కొని శుక్రవారం అమ్మితే లాభం అని ఒక ప్యాటర్న్ నలుగురికి తెలిసిందనుకోండి, ఆ నలుగురూ సోమవారం ఉదయమే కొంటారు. ధర అప్పుడే పెరిగిపోతుంది. ఇక ఐదోవాడికి ఏమీ మిగలదు.

99 శాతం యాక్యురసీ వెనుక కిటుకు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. నిఫ్టీ నిన్న 24,000 దగ్గర ముగిసింది, ఇవాళ 24,100 దగ్గర ముగిసింది అనుకుందాం. నేను ఏ మోడలూ వాడకుండా, "నిన్న ఎంత ఉందో ఇవాళ కూడా అంతే" అని చెప్పాను. తప్పింది 100 పాయింట్లు, అంటే సుమారు 0.4 శాతం. మరి నా యాక్యురసీ ఎంత? 99.6 శాతం!

అర్థమైంది కదా. ధర ఎంత దగ్గరగా చెప్పామన్నది యాక్యురసీగా చూపిస్తే ఎవరైనా 99 కొట్టొచ్చు. డబ్బు వచ్చేది దగ్గరగా చెప్పినందుకు కాదు. పెరుగుతుందా, తగ్గుతుందా, ఎంత అన్నది ముందే సరిగ్గా చెప్పినందుకు. పై ఉదాహరణలో నేను దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

యూట్యూబ్ ట్యుటోరియల్స్‌లో కనిపించే గ్రాఫ్ కూడా ఇలాంటిదే. అసలు ధర నీలం గీత, ఎల్‌ఎస్‌టీఎం చెప్పిన ధర ఎర్ర గీత, రెండూ అతుక్కున్నట్టే ఉంటాయి. ఆ గ్రాఫ్‌ని ఇరవై రోజులకు జూమ్ చేసి చూడండి. చాలాసార్లు ఎర్ర గీత నీలం గీతకు ఒక రోజు వెనక నడుస్తూ కనిపిస్తుంది. మోడల్ నేర్చుకున్నది నిన్నటి ధరను కాపీ కొట్టడమే అన్నమాట.

దీన్ని మీరే చెక్ చేసుకోవచ్చు. జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో ఫ్యాక్టరీ ఉన్న రామ్‌కో సిమెంట్స్ ఎన్‌ఎస్‌ఈలో లిస్టయిన కంపెనీ. దాని పదేళ్ల రోజువారీ ధరలు ఫ్రీగా దొరుకుతాయి. గూగుల్ కొలాబ్ ఓపెన్ చేసి, పైథాన్‌లో ఆ డేటా లోడ్ చేసి, రెండు అంచనాలు వేయండి. ఒకటి మీ మోడల్‌ది, రెండోది "రేపు కూడా ఇవాళ్టి ధరే" అన్నది. రెండింటి సగటు తప్పు పక్కపక్కన పెట్టండి. మోడల్ ఆ రెండో లైన్‌ని ఓడించలేకపోతే ఎన్ని లేయర్లు పెట్టినా దండగే. దీనికి కొత్త ల్యాప్‌టాప్, ఎన్‌పీయూ ఉన్న ఫోన్ ఏమీ అక్కర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో కూడా కొలాబ్ నడుస్తుంది. ఇది నేర్చుకోవడానికే గానీ, ఆ షేర్ కొనమనో అమ్మమనో కాదు.

బ్యాక్‌టెస్ట్‌లో ఎక్కడ మోసపోతాం?

పాత డేటా మీద మోడల్‌ని నడిపి ఎంత లాభం వచ్చేదో చూడటమే బ్యాక్‌టెస్ట్. ఇందులో లాభం చూపించడం చాలా సులువు, అదే ప్రమాదం.

• డేటాని షఫుల్ చేయడం: ఫొటోల మోడల్‌కి డేటాని కలగాపులగం చేసి ట్రైనింగ్‌కి, టెస్టింగ్‌కి విడగొడతారు. ధరలకి అలా చేస్తే మంగళవారం ట్రైనింగ్‌లో, సోమవారం టెస్ట్‌లో పడుతుంది. పరీక్షకి ముందే పేపర్ లీకైనట్టు. సైకిట్-లెర్న్‌లో టైమ్ సిరీస్ స్ప్లిట్ అనే ఆప్షన్ ఉన్నది ఇందుకే. పాతది నేర్చుకోవాలి, కొత్తదాని మీద పరీక్ష రాయాలి.

• స్కేలింగ్ లీక్: డేటా మొత్తానికి కనిష్ఠ, గరిష్ఠ ధరలు తీసి సున్నా నుంచి ఒకటి మధ్యకు మార్చడం మామూలే. కానీ ఆ గరిష్ఠం 2024లో వచ్చి, మోడల్ 2019ని ఊహిస్తుంటే, భవిష్యత్తు ముందే తెలిసిపోయినట్టే. స్కేలర్‌ని ట్రైనింగ్ భాగం మీద మాత్రమే ఫిట్ చేయాలి.

• వంద ప్రయత్నాల్లో బెస్ట్ చూపించడం: వంద రకాల సెట్టింగ్స్ ట్రై చేస్తే ఒకటి అదృష్టం కొద్దీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రీల్‌లో ఆ ఒక్కటే చూపిస్తారు. మిగతా 99 ఎవరికీ కనబడవు.

• ఖర్చులు వదిలేయడం: ఇవాళ షేర్ కొని రేపు అమ్మితే సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. గెలిస్తే 1 శాతం లాభం, ఓడితే 1 శాతం నష్టం అనుకుందాం. మీ మోడల్ 52 శాతం సార్లు కరెక్ట్ అయితే సగటున ట్రేడ్‌కి వచ్చేది 0.04 శాతం. ట్యాక్స్‌కే 0.2 శాతం పోతుంది. ఒక్క ఆ ట్యాక్స్ కట్టడానికే 60 శాతం సార్లు కరెక్ట్ కావాలి. బ్రోకరేజీ, జీఎస్టీ, మిగతా ఛార్జీలు దాని మీద.

మోడల్ లేకుండానే "పది రోజులు వరుసగా కరెక్ట్"

ఇది టెలిగ్రామ్ గ్రూపుల లెక్క. 1,024 మంది నంబర్లు సంపాదించి, సగం మందికి "రేపు పెరుగుతుంది", మిగతా సగానికి "రేపు తగ్గుతుంది" అని పంపితే చాలు. ఎటు వెళ్లినా 512 మందికి కరెక్ట్. తప్పు వెళ్లినవాళ్లని వదిలేసి మిగిలినవాళ్లకి మళ్లీ అలాగే. ఐదు రోజులయ్యేసరికి 32 మంది దృష్టిలో మీరు దేవుడు. పదో రోజుకి మిగిలే ఆ ఒక్కడు అప్పు చేసైనా డబ్బు పంపిస్తాడు. ఇందులో ఏఐ లేదు, ఎక్సెల్ షీట్ కూడా అక్కర్లేదు. ఎవరైనా పాత స్క్రీన్‌షాట్లు చూపిస్తే ఈ లెక్క గుర్తుతెచ్చుకోండి.

చార్టులో లేనిదాన్ని మోడల్ ఎలా చూస్తుంది?

2024 జూన్ 4 ఎవరూ మర్చిపోరు. రాష్ట్రంలోనూ, దేశంలోనూ ఓట్ల లెక్కింపు. ముందు రోజు ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరింది. ఫలితాల రోజు దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ఆగింది. అంతకు ముందు 2020 మార్చి 23న, కోవిడ్ భయంతో, ఒక్కరోజులోనే దాదాపు 13 శాతం పడింది. ఈ రెండింటికీ కారణం పాత క్యాండిల్స్‌లో లేదు. లేనిదాన్ని నేర్చుకోవడం ఏ మోడల్‌కీ కుదరదు.

ఇక్కడ ఒక మంచి విషయం కూడా చెప్పాలి. ధర ఎటు వెళ్తుందో చెప్పడం కష్టమే గానీ, ఎంత ఊగుతుందో చెప్పడం కొంత సులువు. పెద్ద కుదుపు వచ్చిన రోజు తర్వాత మరిన్ని పెద్ద కుదుపులు రావడం మార్కెట్లో మామూలు. రాబర్ట్ ఎంగిల్ 1982లో దీనికి ఆర్చ్ అనే మోడల్ ఇచ్చాడు, 2003లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్నాడు. కాబట్టి "రేపు పెరుగుతుంది" అనే యాప్ కన్నా "ఈ వారం ఊగిసలాట ఎక్కువ, చేతిలో డబ్బంతా పెట్టకు" అని చెప్పే టూల్‌కి ఎక్కువ ఆధారం ఉంది. ఎక్స్ఛేంజీల్లో, బ్యాంకుల్లో తేడా లావాదేవీలు పసిగట్టడానికి కూడా మెషిన్ లెర్నింగ్ బాగా పనికొస్తుంది.

మన మార్కెట్ డేటాతో ఒక మంచి ప్రాజెక్ట్

ప్యాటర్న్‌ల మీద నిజంగా ఆసక్తి ఉంటే నిఫ్టీ కన్నా మంచి డేటా మన పొలాల్లోనే పండుతోంది. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్ మార్కెట్ల వారీగా రోజువారీ ధరలు ఇస్తుంది. కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర విడివిడిగా ఉంటాయి. డేటా గవ్ ఇన్ సైట్ నుంచి ఏపీఐతో కూడా లాగొచ్చు. పత్తి, మిర్చితో మొదలుపెట్టండి.

ఇక్కడి ప్యాటర్న్‌లకి ఉన్న గొప్ప సుగుణం ఏంటంటే, ప్రతిదాని వెనుకా కారణం కనబడుతుంది. పంట కోతలయ్యి సరుకు యార్డుకు పోటెత్తితే ధర మీద ఒత్తిడి పడుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని తినేసింది. దిగుబడి పడిపోయింది, ఆ తర్వాత ధరలు ఎగిశాయి. క్వింటా 20,000 దాటిన రోజులు చూసి చాలామంది మిర్చి వేశారు. 2025 మొదట్లో ధర కుప్పకూలింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది, అదీ 2.91 లక్షల టన్నుల వరకే. ధర పెరిగితే సాగు పెరగడం, సాగు పెరిగితే ధర పడటం, ఇది నాన్నలకీ తాతలకీ తెలిసిన ప్యాటర్నే. దానికి అంకెలు చేర్చి ఎంత బలంగా ఉందో కొలవడం మీ మోడల్ పని.

కానీ డేటాని కళ్లు మూసుకుని మోడల్‌కి పోస్తే ఇక్కడా బోల్తా పడతాం. చూసుకోవాల్సినవి ఇవీ:

• మిర్చి అంటే ఒక్కటే సరుకు కాదు. తేజ, బాడిగ, తాలు అన్నీ కలిపి ఒకే కాలమ్‌లో పెడితే, ఒకరోజు తాలు కాయలు ఎక్కువ వచ్చినందుకు ధర పడిందని మోడల్ అనుకుంటుంది. రకాల వారీగా విడగొట్టాలి.

• గుంటూరు యార్డుకి వేసవిలో కొన్ని వారాలు సెలవులుంటాయి. ఆ ఖాళీలను పాత ధరతో నింపితే మార్కెట్ ప్రశాంతంగా ఉందని మోడల్ పొరబడుతుంది.

• పత్తికి మద్దతు ధర అనే నేల ఉంది. అయితే సీసీఐ తేమ 12 శాతం దాటితే కొనదు, 8 నుంచి 12 మధ్య ఉంటే ధర తగ్గిస్తుంది. పైగా 2025-26 సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో రిజిస్టర్ చేసుకుని స్లాట్ తీసుకోవాలి. కాబట్టి తడిసిన పత్తికి ఆ నేల ఉండదు. వర్షాల డేటా కలపకుండా ఈ తేడా అర్థం కాదు.

• ఒక్క ఉత్తర్వు లెక్క మార్చేస్తుంది. పత్తి దిగుమతులపై 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. ముందు సెప్టెంబర్ 30 దాకా అని, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించింది. ఇలాంటి తేదీలను మీరే ఒక కాలమ్‌గా చేర్చాలి.

• దారులు కూడా లెక్కే. 2023 జూలైలో, మళ్లీ 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదకు నీళ్లొచ్చాయి, విజయవాడ, హైదరాబాద్ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. లారీలు కదలని రోజుల్లో వచ్చే సరుకు తగ్గితే అది డిమాండ్ విషయం కాదు, నీళ్ల విషయం.

చూశారా, ఇక్కడ గెలిచేది పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ కాదు. యార్డులో కాటా దగ్గర నిలబడి ఏం జరుగుతుందో చూసినవాడి కాలమ్‌లు. ఈ డేటాతో రేపటి ధర రూపాయితో సహా చెప్పాలని ప్రయత్నించకండి. "వచ్చే నెల ధర ఎక్కువగా ఈ రెండు అంకెల మధ్య ఉండొచ్చు" అని ఒక రేంజ్ చెప్పండి. కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఇప్పుడే అమ్మాలా అన్న రైతుకి అదే ఉపయోగం. అద్దె, వడ్డీ కలిపి ఎంత పెరిగితే గిట్టుబాటో ఆయనకి తెలుసు. ఆ పెరుగుదల రావడానికి ఎంత ఛాన్స్ ఉందో మాత్రమే ఆయనకి కావాలి. తప్పే ఛాన్స్ ఎంతో కూడా చెప్పండి, ఎందుకంటే తప్పితే పోయేది ఆయన పంట డబ్బు.

యాప్ ఇన్‌స్టాల్ చేసే ముందు ఆరు ప్రశ్నలు

1. యాక్యురసీ దేనికి? ధర దగ్గరగా చెప్పినందుకా, దిశ సరిగ్గా చెప్పినందుకా?

2. "రేపు కూడా ఇవాళ్టి ధరే" అన్నదానికన్నా ఎంత మెరుగు? ఈ అంకె చెప్పకపోతే అక్కడితో ఆపేయండి.

3. బ్యాక్‌టెస్ట్‌లో పన్నులు, ఛార్జీలు తీసేశారా?

4. నడిపేది ఎవరు? సెబీ 2025 ఫిబ్రవరి 4న రిటైల్ అల్గో ట్రేడింగ్‌పై సర్క్యులర్ ఇచ్చింది. లోపలి లాజిక్ బయటపెట్టని బ్లాక్ బాక్స్ అల్గో ఇచ్చేవాళ్లు రిసెర్చ్ అనలిస్ట్‌గా రిజిస్టర్ కావాలి. నంబర్ అడగండి, సెబీ సైట్‌లో చూడండి.

5. ప్లే స్టోర్‌లోదా, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలా? రెండోదైతే అసలు తెరవొద్దు. స్క్రీన్ మీద కనిపించే లాభం కూడా వాళ్లు రాసిన అంకె కావచ్చు.

6. డబ్బు ఎవరి అకౌంట్‌కి పంపమంటున్నారు? సెబీ చెక్ టూల్‌లో యూపీఐ ఐడీ నిజమైనదో కాదో చూడొచ్చు. ఇప్పటికే మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

మా వర్డిక్ట్

మెషిన్ లెర్నింగ్ ధరల్లో ప్యాటర్న్‌లు పట్టుకోగలదు. కారణం ఉన్న ప్యాటర్న్‌లను, సీజన్‌ను, ఊగిసలాటను, తేడా లావాదేవీలను బాగానే పట్టుకుంటుంది. చార్టు ఒక్కటే చూసి రేపు నిఫ్టీ ఎటో చెప్పి మీ జేబు నింపే పని మాత్రం 499 రూపాయల యాప్ వల్ల అవుతుందని నమ్మడానికి ఆధారం లేదు.

నేర్చుకోవాలని ఉంటే ఈ వీకెండ్ కొలాబ్ ఓపెన్ చేసి, ముందు "రేపు కూడా ఇవాళ్టి ధరే" అన్న ఒక్క లైన్ కోడ్ రాయండి. తర్వాత మీకు తెలిసిన బెస్ట్ మోడల్‌తో దాన్ని ఓడించడానికి ప్రయత్నించండి. ఓడించలేకపోతే ఏ రీల్ చూసినా ఇక మోసపోరు. మిర్చి డేటా మీద నిజాయితీగా ఓడించగలిగితే, ఆ నోట్‌బుక్ మీ రెజ్యూమేలో ఏ సర్టిఫికెట్ కన్నా బాగుంటుంది. రెండింటిలో ఏది జరిగినా ఇంట్లో పత్తి డబ్బు అకౌంట్‌లోనే ఉంటుంది.